మన్పురా పటము: వెల్లువకు సాక్షి

(పద్మశాలి కుల వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



ఈ మహాసభయందు విద్యార్థి వసతిగృహములను గూర్చియు, నూలు ధరలను గూర్చియు, సహకార సంఘముల స్థితిగతులను గూర్చియు పెద్దలు ప్రసంగించిరి. అవి కూటికిని గుడ్డకును సంబంధించిన విషయములు గాన వానికే యగ్రస్థానము చెల్లును. మేము విన్నవింపబూనినది యొక చిత్తరువును గూర్చి. అది మన సీమలో పుట్టినది గాదు. మన కులమువాడు వ్రాసినదియు గాదు. బంగాళాఖాతపు పైకొనయందలి మన్పురా యను దీవిని 1970వ సంవత్సరమున ముంచిన యుప్పెనను గూర్చి జైనుల్ ఆబెదీన్ అను చిత్రకారుడు వ్రాసిన ముప్పది యడుగుల పటమది. కులసభలో దీని ప్రసక్తి యేల యని కొందఱకు తోపవచ్చును. ఆ ప్రశ్నకు సమాధానముగానే మేమీ నాలుగు మాటలు చెప్పుచున్నాము.

పటము మనకు క్రొత్తది గాదు. ముద్రిత గ్రంథములు రాకమునుపు మన తాతలు తమ కులచరిత్రమును చదివి యెఱిగినవారు గారు. చూచి, విని యెఱిగినవారు. తెలంగాణమున కూనపులివారు పటపు చుట్టను మోసికొని యూరూరికి వచ్చెడివారు. దానిని నిలువున వ్రేలాడగట్టి, మెల్లమెల్లగా విప్పుచు, ఒక్కొక్క బొమ్మను చూపుచు, మార్కండేయ మహర్షి కథను, ఆయన కుమారుడగు భావనాఋషి తామరతూడుల నారతో వస్త్రము నేసిన వృత్తాంతమును, పులి నెక్కి రాక్షసునితో పోరిన వృత్తాంతమును గానము చేసెడివారు. ఆ పటములను వ్రాసినవారు నకాశీ చిత్రకారులు. నేటికిని చేర్యాలయందు ఆ విద్య నిలిచియున్నది. మనకు మార్కండేయపురాణ మెట్లో, రజకులకు మడేలుపురాణమును, గౌడులకు గౌడపురాణమును, మాదిగలకు జాంబపురాణమును అట్లు. ఒక్కొక్క కులమునకు ఒక్కొక్క పటము, ఆ పటమును పాడుటకు ఒక్కొక్క యాశ్రితకులము నుండెను. కావున పటమును గూర్చి మాటలాడుటకు కులసభకంటె తగిన చోటు వేఱొకటి లేదు.

ఇక నా చిత్రకారుని వృత్తాంతము. జైనుల్ ఆబెదీన్ 1914వ సంవత్సరమున నేటి బంగ్లాదేశమునందలి కిశోర్‌గంజ్‌లో జన్మించెను. తండ్రి పోలీసుశాఖలో చిన్న యుద్యోగి. బాలుని పెంపకమంతయు బ్రహ్మపుత్ర తీరమున జరిగెను. పడవలు, ఇసుకతిన్నెలు, రేవులో నిలిచిన జనము, వానకాలమున దరినొరసి పాఱు ఎఱ్ఱనీరు, ఇవియే యాతని తొలి పాఠములు. చిత్రకళ నేర్వవలెనన్న కోరిక పుట్టినప్పుడు ఇంట ధనము చాలకుండెను. తల్లి తన మెడలోని హారము నమ్మి కుమారుని కలకత్తా ప్రభుత్వ చిత్రకళాశాలకు పంపెనని ప్రసిద్ధి. వైద్యవిద్యకొఱకు, ఇంజనీరువిద్యకొఱకు నగలమ్మిన తల్లులు మనలో పెక్కండ్రు గలరు. కొడుకు బొమ్మలు వ్రాయుట నేర్చుటకై హారమమ్మిన తల్లి ఎన్నడో కాని కానరాదు. ఆ హారము వ్యర్థము కాలేదు. 1938వ సంవత్సరమున, బ్రహ్మపుత్రానదిని గూర్చి తాను వ్రాసిన నీటిరంగుల చిత్రములకే యాతనికి సువర్ణపతకము లభించెను.

అటు పిమ్మట ఐదేండ్లకు వంగదేశమున మహాక్షామము సంభవించెను. 1943వ సంవత్సరమున పల్లెలనుండి యన్నము వెదకికొనుచు వచ్చిన జనము కలకత్తా వీథులలో రాలిపోయిరి. నది సొగసును వ్రాసి పతకము నందిన యా చేయి అప్పుడు వేఱు పని పూనెను. రంగులకు, మేలి కాగితమునకు ధనము లేదు. వానిని కొనుటకు మనసునొప్పదు. పొట్లములు కట్టెడి చౌక కాగితముపై, స్వయముగా కూర్చుకొన్న నల్లసిరాతో, చచ్చినవారిని, చావబోవువారిని, ఎంగిలాకులకై కాకులతోను కుక్కలతోను పోరాడు మనుష్యులను వ్రాసెను. ఆ చిత్రములవలననే జైనుల్ పేరు దేశమంతట ప్రసిద్ధికెక్కెను. దేశవిభజనానంతరము 1948లో ఢాకానగరమున చిత్రకళాశాలను స్థాపించి, తన జీవితమునందలి యధికభాగమును బాలురకు విద్య చెప్పుటయందే గడపెను. వారు శిల్పాచార్యుడని గౌరవించిరి. పల్లెటూరి స్త్రీలు కుట్టిన బొంతలను, కుమ్మరుల బొమ్మలను, పటములను ప్రేమతో సేకరించెను. సోనార్‌గావ్‌లోని జానపద కళాప్రదర్శనశాల 1975లో ఆతని యుద్యమమువలననే యేర్పడెను. వంగదేశమునందును మన కూనపులివారివంటి పటకథకులు గలరు. పొడవైన పటముపై కథ చెప్పుట యను పద్ధతిని ఆతడు ఐరోపావారియొద్ద నేర్వలేదు. తన యూరి పాటకులయొద్దనే యది యుండెను.

1970వ సంవత్సరారంభమున జైనుల్ 'నవాన్న' మను అఱువదియైదడుగుల పటమును వ్రాసెను. నవాన్నమనగా క్రొత్తబియ్యపు పండుగ. పంట, సంబరము, పిమ్మట లేమి, పల్లె విడిచి పట్టణమునకు వలస, ఇది దాని కథ. ఆ యేటనే నవంబరు 12వ తేదీ రాత్రి ఘోరమైన తుపాను మేఘనానది ముఖద్వారమున తీరము దాటెను.

అక్కడి భూస్వరూపమును కొంచెము వివరింపవలెను. గంగ, బ్రహ్మపుత్ర, మేఘన యను మూడు మహానదుల నీరు ఒక్క ముఖమున సముద్రమునకు దిగును. అవి తెచ్చిన ఒండ్రుమట్టియే అక్కడి దీవులు. అవి సముద్రమట్టమునకు కొద్ది యడుగులే యెత్తు. బంగాళాఖాతము ఉత్తరమునకు పోనుపోను గరాటువలె ఇఱుకగును, లోతును తగ్గును. గాలి తఱిమిన నీరు ప్రక్కలకు తొలగ వీలులేక పైకి లేచును. ఆ రాత్రి సముద్రపు పోటును దానికి తోడయ్యెను. సముద్రమునకు పోవలసిన నదిలోనికి సముద్రమే యెదురెక్కి వచ్చెను. ఆ యొక్క రాత్రి మరణించినవారు మూడు లక్షలకు తక్కువ గారనియు, ఐదు లక్షల వఱకు నుందురనియు లెక్కలు చెప్పుచున్నవి. బెస్తలు, కూలీలు, కోతకు వచ్చిన రైతులు, వారి పిల్లలు, పశువులు. ఆ దేశమువారు సంవత్సరము తిరుగకమునుపే స్వాతంత్ర్యముకొఱకు యుద్ధములో దిగవలసినవారైరి. అట్టి సంక్షోభములో ఈ మృతులు విస్మృతిలోనికి జాఱిపోవలసినవారే.

జైనుల్ ఆ ప్రాంతమునకు పోయి కన్నులార చూచెను. పిమ్మట మన్పురా పటము వ్రాసెను. అందు వ్రాసినది ఉప్పెన లేచుట గాదు. ఉప్పెన తీసిన పిమ్మటి యుదయము. కొందఱు చిత్రకారులు జలప్రళయమనగా ఆకాశమంటు తరంగములను, మెఱుపులను వ్రాసి చూపరులను జడిపింతురు. అట్టి చిత్రమును చూచి మనము 'ఆహా, ఎంత భీకరము!' అని తరంగమునే మెచ్చుకొందుము, మునిగినవారిని మఱతుము. ఇందు అట్లు గాదు. నల్లసిరాతో, బలమైన కుంచె గీతలతో, ఒకరిపై నొకరుగా పడియున్న శవములు. మనుష్యులతో కలిసి పశువులు. తల్లి యెవరో, బిడ్డ యెవరో, హిందువెవరో, మహమ్మదీయుడెవరో తెలియదు. నీరు వారి నందఱను ఒక్కటిగా చేసెను.

ముప్పది యడుగుల పటమును ఒక్క చూపున చూచుట యెవ్వరికిని సాధ్యము గాదు. చట్రములో బిగించిన చిన్న చిత్తరువునుండి కన్ను త్రిప్పుకొనుట సులభము. ఈ పటమును చూడవలెనన్న నడువవలెను. రెండడుగులు వేసిన ఇంకను శవములే. మఱి నాలుగడుగులు వేసిన ఇంకను శవములే. ఆ దీవి గట్టున నా యుదయమున నడచినవాడెట్లు నడచెనో, చూచువాడును అట్లే నడచును. మన కూనపులివారి పటమునకును దీనికిని ఇదియే భేదము. అక్కడ మనము కూర్చుందుము, కథ మన ముందర నడచును. ఇక్కడ కథ కదలక పడియుండును, మనము నడువవలెను. మన పటమున ఎఱ్ఱని నేలపై పసుపు, నీలము, తెలుపు మిలమిలలాడుచుండును. ఇక్కడ నలుపొక్కటే. మన పటమునకు పాడువాడు కావలెను. దీనికి పాటయక్కఱలేదు.

పటము చివఱ ఒక మనుష్యుడు తల వంచుకొని కూర్చుండియున్నాడు. వాడు బ్రతికినవాడు. ఏడ్చుట లేదు, ఆకాశమువంక చేతులు చాచుట లేదు. ఈ పటమునకంతకును ప్రాణము వానియందే యున్నదని మా తలంపు. వాడు లేనిచో ఇది శవముల లెక్క. వాడుండుటచేత ఇది సాక్ష్యమైనది. ఇంతసేపు మనము చూచినదంతయు వాడు చూచినదే.

పెద్దలారా! ఈ మనుష్యుని మన మెఱుగుదుము. మన కులఋషియగు మార్కండేయుడు వీడే. భాగవతము ద్వాదశస్కంధమున నా కథ గలదు. నీ మాయను చూడగోరెదనని మార్కండేయుడు నరనారాయణులను వేడెను. ఒకనాటి సాయంకాలమున ఆశ్రమమునందు కూర్చుండియుండగా గాలి లేచెను, వాన కురిసెను, నాలుగు సముద్రములు పొంగి భూమిని మ్రింగెను. ముని యొక్కడే యా నీటిలో ఆకలిదప్పులతో, మొసళ్ల వాతబడుచు, దిక్కుతెలియక కొట్టుకొనిపోయెను. ఎంతయో కాలమునకు మఱ్ఱియాకుపై పవళించిన శిశువును చూచెను. ఆ శిశువు శ్వాసతో లోనికి పోయి, నశించిన లోకమంతయు, తన యాశ్రమముతో సహా, అక్కడ చెక్కుచెదరక యుండుట కాంచెను. శతపథబ్రాహ్మణమునందలి మనువు ఓడనెక్కి ప్రళయమును తప్పించుకొన్నవాడు. మార్కండేయునకు ఓడ లేదు. ఆయన ప్రళయములో మునిగి, చూచి, మరలి వచ్చినవాడు. భారతమున అరణ్యపర్వమందు ఆయనయే ధర్మరాజునకు ఆ ప్రళయమును వర్ణించి చెప్పెను. చూచినవాడు చెప్పవలెను; చెప్పినగాని లోకమునకు తెలియదు. శిశువు కడుపులో లోకము నిలిచియున్నట్లు, చూచినవాని మాటలో మునిగిన యూరు నిలిచియుండును. ఇది మన కులమునకు మూలపురుషుడొసగిన ధర్మమని మేము తలచుచున్నాము.

శవములను చిత్రించుట యమంగళము గదా, అట్టి చిత్తరువును ఇంట వ్రేలాడదీయుదుమా, సభామంటపమున నుంచుదుమాయని కొందఱు పెద్దలు శంకింతురు. ఆ శంక యుచితమే. ఇంట నుంచుట కిది తగదు. కాని మన వాఙ్మయము శవములను చూచి మొగము త్రిప్పుకొన్నది గాదు. మహాభారతమున స్త్రీపర్వమని యొక పర్వమే గలదు. అందు గాంధారి యుద్ధభూమిలో పడియున్న కొడుకులను, మనుమలను, అల్లుని పేరుపేరున చూపి విలపించును. వ్యాసభగవానుడు దానిని విడిచిపెట్టలేదు. విజయమునకును పట్టాభిషేకమునకును నడుమ నిలిపెను. క్రౌంచపక్షి శోకమునుండియే ఆదికావ్యము పుట్టెనని మన లాక్షణికులు చెప్పిరి. శోకమును దాచుట మంగళము గాదు. దానికి రూపమొసగి నలుగురిలో నిలుపుటయే శాంతి.

ఇంక మన మాట. బంగాళాఖాతమునకు తలాపున వారుండగా ప్రక్కను మనమున్నాము. 1864వ సంవత్సరము నవంబరు 1వ తేదీ రాత్రి బందరును ఉప్పెన ముంచెను. ఇంచుమించు ముప్పదివేలమంది మరణించిరి. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమ మునిగెను; పదివేలమంది పోయిరని ప్రభుత్వపు లెక్క. సముద్రమునకు దూరముగా నుండుటవలన నదులు విడిచిపెట్టుననుట లేదు. 1908 సెప్టెంబరు 28వ తేదీన హైదరాబాదున మూసీనది పొంగి పదునైదువేలమందిని బలిగొన్నది. నాడు నూటయేబదిమంది ఎక్కి ప్రాణములు దక్కించుకొన్న చింతచెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో నుండుటచేత ఆ రాత్రిని జనులు నేటికిని తలచుకొనుచున్నారు. ఒక చెట్టు సాక్షిగా నిలిచిన యూరికి జ్ఞాపకము గలదు. ఏ సాక్షియు లేని యూళ్ల సంగతి యేమి?

2009వ సంవత్సరము అక్టోబరు మొదట తుంగభద్ర పొంగి కర్నూలు నగరమును, అలంపురమును, నేతకు పేరుగన్న రాజోలి గ్రామమును ముంచినది. నేతగాని యింటికి వెల్లువ వచ్చుట రైతు పొలమునకు వచ్చుటవంటిది గాదు. గుంటమగ్గము నేలలో నుండును. వీథిలోని నీరు గడప దాటగానే మొదట నిండునది ఆ గుంటయే. పడుగు తడిసినచో గంజి వదలి పోగులొకదానినొకటి అంటుకొనును. సగము నేసిన చీఱ బురదతో నిలిచిపోవును. అచ్చులు, నాడెలు, కండెలు కొట్టుకొనిపోవును. నీరు తీసిన పిమ్మట రైతునకు భూమియైన మిగులును. నేతగానికి మిగులునది గుంట. ఆ నూలు తఱచుగా షావుకారుది. నూలు పోయినను బాకీ పోదు. గోడ కూలినదని, మగ్గము పోయినదని పట్టికలలో వ్రాసికొందురు. అది యవసరమే, పరిహారము దానివలననే వచ్చును. కాని ఏ తల్లి యే నడిరాత్రి పడుగును కోసి చుట్టచుట్టి నెత్తిన పెట్టుకొని మిద్దె యెక్కెనో, ఏ ముసలివాడు మగ్గము విడిచి రానని మొరాయించెనో, యెవరు వచ్చి యెవరిని భుజముపై మోసెనో, ఏ పట్టికలో గలదు? అది చూచినవారి కన్నులలో మాత్రమే యున్నది. దివిసీమ యుప్పెన నాటికి ఇరువదియేండ్లవారు నేడు వృద్ధులైయున్నారు. ఆ కన్నులు మూతపడిన పిమ్మట మన మెవరి నడుగుదుము?

కావున ఈ సభవారికి మేమొక ప్రార్థన చేయుచున్నాము. మన కులమునకు వెల్లువపటమొకటి వ్రాయింపవలెను. గుడ్డ మన మగ్గముపై నేసినదే కావలెను. నకాశీవారు గుడ్డకు బియ్యపుగంజి, సుద్దమన్ను, ఉడికించిన చింతగింజల ముద్ద, జిగురు కలిపి పూతపూసి దానిపై బొమ్మలు వ్రాయుదురు. మనము పడుగునకు పెట్టు గంజియు వారు పటమునకు పెట్టు గంజియు చుట్టములే. మొదటి యరలో ప్రళయజలమున మార్కండేయుడుండవలెను. పిమ్మట బందరు, దివిసీమ, మూసీ, తుంగభద్ర. ప్రతి యరక్రింద మునిగిన యూళ్ల పేర్లును, తెలిసినంతవఱకు పోయినవారి పేర్లును వ్రాయవలెను. మన్పురా పటమున పేర్లు లేవు. అంతమందికి పేర్లు వ్రాయుట యెవ్వరికిని శక్యము గాదు. మనకింకను కొంత శక్యమే. మన కులమువారు మాత్రమే గాక, ఆ యూళ్లలో మనతో కలిసి మునిగిన యన్నికులములవారి పేర్లు నుండవలెను. నీరు కులమడిగి ముంచలేదు. పటము చివఱ మూరెడు గుడ్డ ఖాళీగా విడువవలెను, నదులింకను పాఱుచునేయున్నవి.

చిత్రకారుని పనికి ముందు యువకుల పని యున్నది. కళాశాలలలో చదువుకొను మన పిల్లలు సెలవులలో ఆయా గ్రామములకు పోయి, వృద్ధులయొద్ద కూర్చుండి, నీరెంత యెత్తు వచ్చెను, ఏ గోడపై దాని మరక యున్నది, ఎవరెవరు పోయిరి, మగ్గములెన్ని మఱల నిలిచెనని వ్రాసికొని రావలెను. ఆ వ్రాతలే కూనపులి గాయకులకు పాటయగును. పురాణము పాడించుకొనువారు తగ్గుటచే ఆ కళ క్షీణించుచున్నది. క్రొత్త కథ దొరకినచో వారికి మరల పిలుపు వచ్చును. నకాశీవారికి పని దొరకును. మన పిల్లలకు తమ తాతల కష్టము తెలియును.

దీనికెంత వ్యయమగునని దాతలడుగుదురు. ప్రతి సంవత్సరము ఈ వేదికపై మనలో మనము కప్పుకొను శాలువలకును, వేసికొను దండలకును, వీథిమలుపున నిలుపు స్వాగతద్వారములకును ఎంత యగుచున్నదో కోశాధికారిగారికి తెలియును. వానిలో సగము చాలును. శాలువ కప్పుట నేతగానికి నేతగాడు చేయు గౌరవమే, దానిని మానవలదు. కాని బ్రతికియున్న మన భుజములపై కప్పిన గుడ్డలో ఒక భాగమును పోయినవారి పేరు వ్రాయుటకు విడువుడని మాత్రము వేడుకొనుచున్నాము.

శిలాస్తంభము చాలదాయని యడుగువారును గలరు. దివిసీమయందు స్మారకస్తంభము గలదు; అది పూజ్యమే. స్తంభమొకచోటనే నిలుచును, దానియొద్దకు పోవువారే దానిని చూతురు. పటము చుట్టచుట్టి భుజముపై వేసికొని యూరూరికి పోవును. స్తంభముపై లెక్క యుండును, పటమునందు మనుష్యులుందురు.

జైనుల్ ఆబెదీన్ 1976వ సంవత్సరమున కాలధర్మము నొందెను. ఒక తల్లి హారమునుండి మొదలైన యాతని విద్య ఒక దీవిలోని మృతులయొద్ద ఋణము తీర్చుకొనెను. ఆ దీవివారు ఆతని కులమువారు గారు, కుటుంబమువారు గారు. మనవారికొఱకు మనమాపాటి పని చేయలేమా? మార్కండేయుని సంతతివారమని చెప్పుకొనుటకు మనకు హక్కు గలదు. చూచినదానిని చెప్పి నిలుపుట ఆ హక్కుతో వచ్చిన బాధ్యత. రాబోవు మహాసభనాటికి ఈ వేదిక వెనుక పటమునకు తగిన గుడ్డయైన నేసి, మడచి, సిద్ధముగా నుండునుగాక యని యాశించుచున్నాము.